మన ఇంటి చరిత్ర ఏ బీరువాలో ఉంది?

ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న అంకె ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్సు ఇది. రాష్ట్రం రెండయ్యాక కూడా రెండుచోట్లా జిల్లా గ్రంథాలయ సంస్థలు దీనిమీదే నడుస్తున్నాయి. వసూలైన సొమ్మును మున్సిపాలిటీలు, పంచాయతీలు సకాలంలో జమ చెయ్యవన్న గొడవ ఎప్పుడూ ఉండేదే, అది వేరే కథ. తరాలుగా పన్ను కడుతున్న ఇంటివాళ్లు లైబ్రరీకి వెళ్లి "మా ముత్తాతగారి గురించి ఏమైనా దొరుకుతుందా?" అని అడిగితే మాత్రం కౌంటరు దగ్గర జవాబు రాదు. అక్కడ ఏమీ లేక కాదు, ఇంటి చరిత్రకంటూ ఒక బీరువా లేక.

రాజమహేంద్రవరంలోని గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయాన్నే తీసుకోండి. 1898లో నాళం కృష్ణారావు కుర్రతనంలో మొదలుపెట్టిన పని అది. వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిసి గౌతమి అయ్యాయి. ఒకదానిది వడ్డాది సుబ్బారాయుడి పేరు, రెండోదానిది కొక్కొండ వెంకటరత్నం పేరు. తరవాత ప్రభుత్వం చేతికి వచ్చింది. తాళపత్రాలు, పాత పత్రికలు, ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకని పుస్తకాలు అక్కడ ఉన్నాయి. పరిశోధకులు సాహిత్యం కోసం వెళతారు, పోటీ పరీక్షల పిల్లలు ఫ్యాను కింద కుర్చీ కోసం వెళతారు. ఇంటి చరిత్ర కోసం వెళ్లేవాళ్లు తక్కువ.

వెళితే ఏం దొరుకుతుంది? ఆ ఊళ్లోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లిళ్లకు సాయపడ్డవాళ్లకు, ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లకు వెలి తప్పలేదు. ఎవరు నిలబడ్డారు, ఎవరు ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి తగ్గారు అన్నది ఆనాటి పత్రికల్లో, పంతులుగారి స్వీయచరిత్రలో పేర్లతో సహా ఉంది. గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్లకు "మా తాతగారి అన్నదమ్ములతో మాకు రాకపోకలు ఎందుకు లేవు?" అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే దొరకవచ్చు.

పెద్ద పుస్తకాలకంటే ఈ వెతుకులాటలో పనికొచ్చేవి చిన్న కాగితాలు. షష్టిపూర్తి సంచికలు, హైస్కూలు స్వర్ణోత్సవ సంచికలు, దేవాలయ ప్రతిష్ఠ కరపత్రాలు, పెళ్లిలో పంచిపెట్టిన పద్యాల పుస్తకాలు, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న వంశచరిత్రలు. పెళ్లి పద్యాలు కవిత్వంగా చాలామటుకు నీరసమే. కానీ వాటిలో వధూవరుల గోత్రాలు, తాతల పేర్లు, ఊళ్లు, తిథివారనక్షత్రాలు అన్నీ ఉంటాయి. పది పన్నెండు పేజీల ఆ పుస్తకానికి అట్ట ఉండదు, వెన్ను మీద పేరు ఉండదు. క్యాటలాగులో పద్యకావ్యాల కిందో, ఇతరములు కిందో పోతుంది. స్టాకు తనిఖీలో ముందుగా రద్దయ్యేదీ అదే.

ధాత కరువులో పుట్టినవాడు

పెద్దవాళ్లు సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. "మా మామ్మ దుందుభిలో పుట్టింది" అంటారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక దుందుభి అంటే 1862 కావచ్చు, 1922 కావచ్చు. మధ్యలో ఏదైనా సంఘటన తగిలితే తప్ప తేలదు. ధాత కరువు అంటే 1876లో మొదలైన మహాక్షామం, నందన కరువు అంటే 1832-33 నాటి గుంటూరు కరువు. బందరు ఉప్పెన అంటే 1864 నవంబరు. కరువులకూ ఉప్పెనలకూ సంవత్సరాలు పాత జిల్లా మాన్యువళ్లలో, గెజిటీర్లలో ఉంటాయి. గోదావరి జిల్లాకు హెన్రీ మోరిస్ రాసినది 1878లో, హెమింగ్వే గెజిటీరు 1907లో వచ్చాయి. పాత పంచాంగం దొరికితే మరీ మంచిది. అంచుల్లో పిల్లల జననకాలాలు రాసిపెట్టుకోవడం చాలా ఇళ్లలో అలవాటు.

జిల్లా పేరుతోనూ జాగ్రత్తగా ఉండాలి. నరసాపురం 1904 దాకా గోదావరి జిల్లా. ఆ తరవాత కృష్ణా జిల్లా. 1925 నుంచి పశ్చిమ గోదావరి. మనిషి గుమ్మం దాటకపోయినా కాగితాల్లో మూడు జిల్లాలు మారాడు. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకట్రామయ్యలు తేలతారు. దత్తత వెళ్లినవాడైతే ఇంటిపేరూ మారుతుంది.

భూమి కాగితాల సంగతి లైబ్రరీలో తేలదు. ఆర్కైవ్సుకో రెవెన్యూ రికార్డు గదికో వెళ్లాలి. కోస్తా, సీమ వైపు డైగ్లాట్, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. మాన్యం ఉన్న కుటుంబాలకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉత్తమం. ఆ ఇనాం మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇనాం విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది అన్నది అందులో రాస్తారు. భూమి లేనివాళ్లు ఈ కాగితాల్లో దాదాపు కనపడరు. వాళ్లకు దారి పత్రికలు, సంఘాల నివేదికలు, బడి రిజిస్టర్లు.

ఆడవాళ్లకూ అంతే. ఇళ్లలో గీసుకున్న వంశవృక్షాలు చూడండి, కొమ్మలన్నీ మగపేర్లే. అత్తారింటికి వెళ్లగానే ఆడపిల్ల కొమ్మ ఆగిపోతుంది. అదే మనిషి స్త్రీల పత్రికల్లో, 1902లో మొదలైన హిందూసుందరిలోనో, 1928 నుంచి కె.ఎన్. కేసరిగారు నడిపిన గృహలక్ష్మిలోనో ఒక వ్యాసం కిందో, చందాదారుల జాబితాలోనో, స్త్రీ సమాజం సభ వార్తలోనో సొంత పేరుతో కనిపిస్తుంది. నన్నడిగితే ఇంటి చరిత్ర వెతుకులాట మగవైపు నుంచి కాక ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. పత్రిక తిరగేసే ఓపిక కావాలి, అంతే.

ఓడ ఎక్కినవాళ్ల ఊరు

1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, డర్బన్ రేవుకు చేరింది. 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన 1,52,184 మందిలో తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ కూడా రాశారు. మారిషస్, ఫిజీలకు వెళ్లినవాళ్ల పత్రాలూ ఇలాగే అక్కడ భద్రంగా ఉన్నాయి. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆ ఊరిపేరు పట్టుకుని వస్తారు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసిన ఊరు ఏదో తేల్చాలంటే పాత గ్రామాల జాబితాలు, మ్యాపులు ఎదురుగా ఉండాలి. వాళ్ల చరిత్రలో రెండో సగం మన దగ్గరే ఉంది. అడిగితే చూపించే ఏర్పాటు లేదు.

ఈలోగా చెదలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చేరి ఎన్నో అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. స్కానింగు జరిగినచోటా ఇబ్బందే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎంత అడ్డదిడ్డంగా ఎక్కించారంటే, పుస్తకం ఉందని తెలిసినవాడికి కూడా అది దొరకడం గగనం.

ప్రాంతీయ గ్రంథాలయాల్లో ఒక బీరువాకు "స్థానిక చరిత్ర" అని బోర్డు తగిలించడానికి జీవో అక్కర్లేదు. ఇతరములు కిందికి పోయిన పుస్తకాలను అందులోకి తేవాలి. ఊరు, ఇంటిపేరు వారీగా ఒక సూచిక రాయాలి. మంచి చేతిరాత ఉన్న రిటైర్డు మేష్టర్లు ఊరికి పదిమంది ఉంటారు, పిలిస్తే వస్తారు. కుటుంబాలు అసలు కాగితం ఇవ్వకపోయినా ఫొటో కాపీ ఇస్తాయి. ఇచ్చినదంతా నిజమని నమ్మనక్కర్లేదు. మెకంజీ దొర కోసం కావలి సోదరులు సేకరించిన గ్రామ చరిత్రల్లోనే, అంటే కైఫీయత్తుల్లోనే, కరణాలు తమకు పనికొచ్చే కథ చెప్పిన సందర్భాలున్నాయి. సొంత ఖర్చుతో వేసుకున్న వంశచరిత్రల్లో ప్రతి మూలపురుషుడూ ఏదో ఒక రాజు దగ్గర సేనాపతే. అవీ ఉంచాలి, వాటిని కాదనే కాగితమూ పక్కనే ఉంచాలి.

అచ్చుకు ఎక్కనిది ఇంకా చాలా ఉంది. పిచ్చుకుంట్లవారు కాపు, రెడ్డి కుటుంబాల ఇంటిపేర్లు, గోత్రాలు నోటికి చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పేవారు. ఇంటింటి పరంపరను తరాలపాటు మోసినవాళ్ల పిల్లల్లో చాలామంది ఇప్పుడు వేరే పనుల్లో ఉన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించి రికార్డు చెయ్యడానికి ఒక ఫోను చాలు. వాళ్ల చేత చెప్పించే మొదటి కథ దాతలది కాకుండా వాళ్లదే కావాలి. ఊరి నుంచి ఊరికి తిరిగిన ఆ కుటుంబాలు ఏ పన్ను రిజిస్టరులోనూ ఒకచోట ఆగలేదు.