నమత్‌జీరా వంశమువారి చిత్రకళ

ఆస్ట్రేలియా ఖండపు నడిబొడ్డున మెక్‌డొనెల్ పర్వతశ్రేణి కలదు. పొద్దును బట్టి ఎఱుపు, ఊదా, నీలము దాల్చు ఆ కొండలను లోకమునకు చూపినవాడు ఆల్బర్ట్ నమత్‌జీరా యను ఆదిమవాసి. పశ్చిమ అరెర్న్‌టె తెగవాడు. 1902లో హెర్మన్స్‌బర్గ్ మిషను గ్రామమున జన్మించెను. 1936లో రెక్స్ బాటర్బీ యను చిత్రకారుని వెంట ఒంటెలను తోలుకొనిపోయి, ఆ సేవకు ప్రతిఫలముగా నీటిరంగుల విద్య నేర్చెను. రెండేండ్లకు మెల్‌బోర్న్‌లో ప్రదర్శించిన 41 చిత్రములును మూడు దినములలో అమ్ముడుపోయినవి.

ఇది యూరపు చిత్రకళకు అనుకరణమని కొందఱు విమర్శకులనిరి. ఆ మాట నాకు రుచింపదు. ఆయన వ్రాసినది కంటికింపైన దృశ్యము మాత్రమే కాదు, తన తెగ పూర్వులు తిరుగాడిన నేల. అందు తెల్లని బోదెతో నిలిచిన వృక్షము, మన జామాయిల్ చెట్టునకు దగ్గఱి చుట్టమే, ఇంటి పెద్దవలె కానవచ్చును.

ఆ నేలను చిత్రించి పేరు గడించినవానికి దానిపై హక్కు మాత్రము దొరకలేదు. పశువులను మేపుకొనుటకు భూమి కోరగా నిరాకరించిరి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకొననీయలేదు. 1957లో ఆయనకును, భార్య రుబీనాకును పౌరహక్కులు వచ్చినవి, బిడ్డలకు రాలేదు. పౌరుడు మద్యము కొనవచ్చును, ఆ హక్కులేని బంధువున కీయరాదు. ఉన్నది పంచుకొనుట అరెర్న్‌టెవారి కులధర్మము. చట్టము దృష్టిలో నేరము. 1958లో ఆ నేరమునకే శిక్షపడెను. పాపున్యాలో రెండు నెలలు నిర్బంధమున గడిపి వచ్చిన ఆయన 1959 ఆగస్టు 8న కన్నుమూసెను.

కుమారులు కుంచె విడువలేదు. కాని తండ్రి చిత్రముల ప్రచురణ హక్కును 1983లో ప్రభుత్వ ధర్మకర్త, కుటుంబమును అడుగకయే, ఒక సంస్థకు 8,500 డాలర్లకు అమ్మివేసెను. అది 2017లో ఒక్క డాలరు వెలకు వారసుల నిధికి తిరిగి వచ్చెను!

మునిమనుమడు విన్సెంట్ 1983లో పుట్టెను. తల్లి మరణింపగా దూరమున పెర్త్ నగరమున పరుల పోషణలో పెరిగి, యౌవనమున స్వస్థలమునకు మరలెను. ఆయన కొండలను గాక ముఖములను చేపట్టెను. రాణి, కెప్టెన్ కుక్ మొదలగువారిని కొంత కొంటెతనముతో వ్రాయును. 1956లో విలియం డార్గీ వ్రాసిన ఆల్బర్ట్ ముఖచిత్రమునకు ఆర్చిబాల్డ్ బహుమానము లభించియుండెను. 2020లో అదే బహుమానమును విన్సెంట్ గెలుచుకొనెను. 1921లో నెలకొల్పిన ఆ బహుమానము ఒక ఆదిమవాసి చిత్రకారునకు దక్కుట అదియే మొదటిసారి. ఆ చిత్రమున, జాతిద్వేషము నెదిరించి మాటాడిన ఫుట్‌బాల్ వీరుడు ఆడమ్ గుడ్స్ చేతిని పట్టుకొని విన్సెంట్ నిలిచియున్నాడు.