శిఖరం ఎక్కడ? వర్గ ప్రమేయపు గ్రాఫు, నత్రజని మోతాదు

పదో తరగతిలో వర్గ సమీకరణాల మూలాలు కనుగొని, ఆపై బై.పి.సి.లో చేరి గణితానికి సెలవు చెప్పిన విద్యార్థికి, స్నాతకోత్తర పరిశోధనలో మళ్ళీ అదే సమీకరణం ఎదురవుతుంది. ఈసారి అది నత్రజని ప్రతిస్పందన సమీకరణం అనే పేరుతో వస్తుంది. ప్రయోగపు అంకెలను కంప్యూటరుకు ఇస్తే మూడు గుణకాలు, ఒక ఆర్-స్క్వేర్ విలువ క్షణంలో లభిస్తాయి. వాటి నుండి గరిష్ఠ దిగుబడినిచ్చే మోతాదును, ఆర్థికంగా అభిలషణీయమైన మోతాదును లెక్కించి పట్టికలో చేరుస్తారు. ఆ సమీకరణానికి గ్రాఫు గీయడం మాత్రం సాధారణంగా జరగదు. రైతుకు చేరే సిఫారసు మంచిచెడ్డలు తెలిసేది ఆ గీయని గ్రాఫులోనే.

ఉదాహరణ కోసం కూర్చిన కొన్ని అంకెలను పరిశీలించవచ్చు. వరి పైరుకు హెక్టారుకు 0, 40, 80, 120, 160 కిలోల నత్రజని వేసిన మడులలో సగటు ధాన్యపు దిగుబడులు వరుసగా 3000, 4200, 5300, 5600, 5600 కిలోలు అనుకుందాం. కనిష్ఠ వర్గాల పద్ధతిలో వీటికి వర్గ ప్రమేయాన్ని అమర్చితే వచ్చే సమీకరణం ఇది:

ది = 2963 + 39.36 న – 0.1429 న²

ఇందులో ‘ది’ దిగుబడి, ‘న’ నత్రజని, రెండూ హెక్టారుకు కిలోలలో. ఆర్-స్క్వేర్ 0.995. ఏ పరీక్షకుడూ ఆక్షేపించని విలువ అది.

గ్రాఫు గీయడానికి ముందు గుణకాల గుర్తులను చూడాలి. న² గుణకం ఋణాత్మకమైతే పరావలయం బోర్లించిన గిన్నెలా ఉండి, పైన శిఖరం ఏర్పడుతుంది. ప్రయోగంలో చెదురు ఎక్కువై ఆ గుణకం ధనాత్మకంగా వస్తే గిన్నె వెల్లకిలా తిరుగుతుంది. అప్పుడు సూత్రం ఇచ్చేది గరిష్ఠం కాదు, కనిష్ఠం. ప్యాకేజీ ఈ భేదాన్ని చెప్పదు. అడిగిన సంఖ్యను ఇచ్చి ఊరుకుంటుంది. ఇక్కడ గుర్తు సరిగానే ఉన్నది. న గుణకాన్ని న² గుణకానికి రెట్టింపుతో భాగించి, గుర్తు మార్చితే సౌష్ఠవాక్షం 138 కిలోల వద్ద వస్తుంది. శిఖరం ఎత్తు 5674 కిలోలు.

ఇదే సమీకరణాన్ని వర్గ పూరణ చేసి శీర్ష రూపంలో వ్రాస్తే విషయం మరింత స్పష్టమవుతుంది:

ది = 5674 – (న – 138)² ÷ 7

మొదటి రూపంలో దాగి ఉన్న సంగతి ఇందులో కంటికి కనబడుతుంది. శిఖరం నుండి ఎంత దూరం జరిగితే ఆ దూరపు వర్గంలో ఏడవ వంతు దిగుబడి తగ్గుతుంది. 10 కిలోలు తక్కువ వేస్తే నష్టం 14 కిలోల ధాన్యం; 20 కిలోలు తక్కువైతే 57; 30 కిలోలు తక్కువైతే 129. హెక్టారుకు 5 టన్నులకు పైగా పండే చేలో 57 కిలోల భేదాన్ని సాధారణ క్షేత్ర ప్రయోగం పసిగట్టలేదు. అది క్రిటికల్ డిఫరెన్స్‌కు ఎంతో లోపలే ఉంటుంది. శిఖరం ఒక బిందువని బీజగణితం చెబుతుంది గాని, పొలంలో అది మొన కాదు, విశాలమైన బల్లపరుపు నేల. అందువల్ల 138 అనే సంఖ్యను దశాంశాలతో ప్రకటించడం గణితానికి లేని కచ్చితత్వాన్ని దానికి ఆపాదించడమే.

ఇక ధరల మాట. 45 కిలోల వేపపూత యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. యూరియాలో నత్రజని 46 శాతం గనుక బస్తాలో 20.7 కిలోలు ఉంటుంది. అంటే కిలో నత్రజని సుమారు 13 రూపాయలు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలు, అంటే కిలోకు 23. ఈ ధరల నిష్పత్తి 0.57. వక్రరేఖ వాలు ఈ నిష్పత్తికి సమానమయ్యే చోటు ఆర్థికంగా అభిలషణీయమైన మోతాదు. లెక్కిస్తే అది శిఖరానికి కేవలం 2 కిలోలు ఎడమన, 136 వద్ద పడుతుంది. నత్రజని ధర నాలుగింతలైనా, తక్కినవన్నీ మారకుండా ఉంటే, మోతాదు 130కి మాత్రమే దిగుతుంది. ధరల నిష్పత్తిపై ఎంతో శ్రద్ధతో వ్రాసే ఆర్థిక విశ్లేషణ భాగం, ఈ సందర్భంలో, సిఫారసును దాదాపు కదిలించదు.

కదిలించేది మరొకటి ఉన్నది. అదే ఐదు బిందువులను గ్రాఫు కాగితంపై గుర్తించి, వాటిపై పరావలయాన్ని గీసి చూడాలి. 40 కిలోల వద్ద గమనించిన దిగుబడి గీతకు 109 కిలోలు దిగువన ఉంటుంది. 80 వద్ద 103 కిలోలు ఎగువన ఉంటుంది. వరుసగా ఎగువ, దిగువ, ఎగువ, దిగువ అనే ఈ క్రమం యాదృచ్ఛికమైన చెదురుగా కనిపించదు. బిందువులు వేరొక ఆకారాన్ని సూచిస్తున్నాయి: తిన్నగా పైకి ఎక్కే ఒక సరళరేఖ, దానిని అనుసరించి ఒక బల్లపరుపు రేఖ. మొదటి మూడు బిందువులకు ఒక సరళరేఖను, చివరి రెండింటికి 5600 వద్ద సమతల రేఖను గీస్తే ఆ రెండూ 90 కిలోల వద్ద ఖండించుకుంటాయి. దీని ఆర్-స్క్వేర్ కూడా 0.99కి పైనే.

అంకెలు అవే, మడులు అవే. ఒక గీత 138 అంటుంది, మరొకటి 90 అంటుంది. మధ్య భేదం హెక్టారుకు 48 కిలోల నత్రజని, అంటే రెండు బస్తాలకు మించిన యూరియా. ధరను నాలుగింతలు చేసినా 8 కిలోలకు మించి కదలని సిఫారసు, గీత ఆకారం మారితే 48 కిలోలు కదులుతున్నది.

ఈ సమస్య కొత్తది కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ శాస్త్రజ్ఞుడు బాయిడ్, ఆయన సహచరులు ధాన్యపు పంటల నత్రజని ప్రతిస్పందనను ఖండించుకునే రెండు సరళరేఖలతో వర్ణించవచ్చని 1970వ దశకంలోనే వాదించారు. దీనిని సూటిగా పరీక్షించినది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సెరాటో, బ్లాక్‌మర్ చేసిన మొక్కజొన్న అధ్యయనం. అది 1990లో అగ్రానమీ జర్నల్‌లో వెలువడింది. పదేసి నత్రజని మోతాదులున్న 12 ప్రయోగాల అంకెలకు వారు ఐదు నమూనాలను అమర్చారు. ఆర్-స్క్వేర్ విలువలు నమూనాల మధ్య పెద్దగా తేడా చూపలేదు. కాని అభిలషణీయ మోతాదుల సగటు, నమూనాను బట్టి, హెక్టారుకు 128 నుండి 379 కిలోల వరకు మారింది. అత్యధికంగా వాడుకలో ఉన్న వర్గ ప్రమేయం మోతాదును అవసరానికి మించి చూపుతున్నదని, పరావలయంగా ఎక్కి శిఖరం వద్ద సమతలంగా మారే నమూనా వారి అంకెలకు బాగా సరిపోయిందని వారు తేల్చారు. ఆ ఫలితం అయోవా మొక్కజొన్నది. దానిని తెలుగు నేలల వరికి యథాతథంగా అన్వయించరాదు. అయితే ఆర్-స్క్వేర్ చూసి నమూనాను ఎంచుకోరాదన్నది మాత్రం పంటతో గాని ప్రాంతంతో గాని సంబంధం లేని విషయం.

వర్గ ప్రమేయం మోతాదును ఎందుకు పెంచి చూపుతుంది? దాని సౌష్ఠవమే కారణం. పరావలయపు కుడి భాగం ఎడమ భాగానికి ప్రతిబింబం. కనుక ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగానే దిగక తప్పదు. పై సమీకరణాన్ని కుడివైపు పొడిగిస్తే 276 కిలోల నత్రజని వేసిన చేను, ఏమీ వేయని చేనుతో సమానంగా 2963 కిలోలే పండాలి. పొలం ఎరిగిన వారెవరూ ఈ మాటను అంగీకరించరు. 120, 160 కిలోల వద్ద దిగుబడి సమంగా నిలిచిందని బిందువులు చెబుతున్నప్పుడు, నిలవడం తెలియని పరావలయం తన శిఖరాన్ని ఆ రెండింటి నడుమకు తీసుకువెళ్ళి సర్దుకుంటుంది. 138 అనే సంఖ్య చాలావరకు ఈ సర్దుబాటు ఫలితమే. అందులో పైరు చెప్పినది తక్కువ.

ఇంతకాలం ఈ ప్రమేయం ఆదరణ పొందడానికి కారణం వేరు. దాని గుణకాలను చేతి లెక్కతో, లంబకోణ బహుపదుల పట్టికలతో సులువుగా రాబట్టవచ్చు. ఖండించుకునే రేఖలకు ఆ సౌలభ్యం తక్కువ. నేడు ఆ ఇబ్బంది లేదు, అలవాటు మాత్రం మిగిలింది. అలాగని వర్గ ప్రమేయాన్ని త్రోసిపుచ్చనక్కరలేదు. నత్రజని ఎక్కువైన చేను నిజంగానే పడిపోయి, అగ్గితెగులుకో సుడిదోమకో లోనై దిగుబడి తగ్గిన ప్రయోగాలలో దిగే గీత అవసరమే. ఆ దిగుడు అంకెలలో కనిపించాలి గాని, సూత్రం దానిని తెచ్చిపెట్టరాదు.

మోతాదుల ఎంపికలోనూ గ్రాఫు ఉపకరిస్తుంది. ఇదే ప్రయోగాన్ని 120 కిలోలతో ఆపి నాలుగు బిందువులకు వర్గ ప్రమేయాన్ని అమర్చితే శిఖరం 139 వద్ద వస్తుంది, అంటే ఏ మడీ లేని చోట. పట్టికలో ఆ సంఖ్య సాధికారంగానే కనబడుతుంది. గ్రాఫులో మాత్రం చివరి బిందువు దాటి గాలిలో తేలుతుంది. అసలు వివాదమంతా 80కీ 120కీ మధ్య ఉండగా అక్కడ ఒక్క మోతాదూ లేదు. తరువాతి సంవత్సరం 160ని ఉంచి, మధ్యలో 100 కిలోలను చేర్చడం, మరొక ఆవృత్తి పెంచడం కంటె ఎక్కువ విషయం చెబుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇది మరొక విధంగా ఎదురవుతుంది. వరికి నత్రజనిని సాధారణంగా మూడు దఫాలుగా వేస్తారు: దమ్ములో లేక నాటిన వెంటనే, దుబ్బు చేసే దశలో, అంకురం ఏర్పడే దశలో. 138 కిలోలను మూడు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 46 కిలోలు. రెండు భాగాలు 92. అంటే రెండు గీతల మధ్య వివాదం ఇంచుమించు ఒక దఫా ఎరువు గురించే. అందుకని మూడవ దఫాను గుడ్డిగా మానిపించడం తగదు, అంకురం దశలో నత్రజని కొరత గింజల సంఖ్యను దెబ్బతీస్తుంది. తగ్గింపును మూడు దఫాలకూ పంచవచ్చు. లేదా ఆ దశలో పైరే చెప్పే మాటను వినవచ్చు: ఆకు రంగు పట్టికతో పది ఆకులను పోల్చి, రకాన్ని బట్టి, నాటే పద్ధతిని బట్టి నిర్ణయించిన 3 లేదా 4 అంకె కంటె సగం పైగా ఆకులు లేతగా ఉంటేనే ఆ దఫా వేయించాలి.