పదో తరగతికి పెద్దదిక్కు ఎవరు?

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. నంబరు ఎవరిచ్చారో తెలియదు. ‘సార్, బాబుకి ఏ గ్రూపు అనుకుంటున్నారు?’ అని మేనమామకన్నా ఆప్యాయంగా పలికే ఆ గొంతు కార్పొరేట్ జూనియర్ కాలేజీ పీఆర్వోది. ఆదివారం ఇంటికే వస్తాడు. బ్రోషర్ తీసి ర్యాంకుల ఫొటోలు చూపిస్తాడు. ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు ఎంత తగ్గుతుందో కాగితం మీద రాసి, దాని చుట్టూ పెన్నుతో గీత చుడతాడు. పబ్లిక్ పరీక్షలకు ఇంకా టైముంది. గ్రూపు మాత్రం ఆ సోఫాలోనే తేలిపోతుంది. ఎంపీసీ, కాదంటే బైపీసీ.

కెరీర్ గైడెన్స్ పేరిట మధ్యతరగతి గడప తొక్కుతున్నది ఎక్కువగా ఈ పీఆర్వోయే. అతణ్ని తిట్టడం తేలికే. అతను రాకపోతే ఆ ఇంటికి వచ్చి ‘ఇవిగో దారులు’ అని చెప్పేవాళ్లు ఎవరున్నారన్నదే అసలు చిక్కు.

నిజానికి ఈ ప్రాంతంలో చూడాలేగానీ దారులకు కొదవ లేదు. తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగేలోపు రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, భూకంపాలనూ భూగర్భజలాలనూ శోధించే ఎన్జీఆర్ఐ, జీవకణాల గుట్టు విప్పే సీసీఎంబీ వరసగా వస్తాయి. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశపు మ్యాపులు తయారుచేసేవాళ్లు పాఠాలు నేర్చుకునే చోటు అది. రోజూ ఆ రైల్లో స్కూలుకు వెళ్లే పిల్లలకు ఎన్జీఆర్ఐ అంటే ఒక స్టేషన్, అంతే.

నాచారం పారిశ్రామికవాడది ఇంకో లోకం. మందులు, ఆహార పదార్థాలు, దుస్తులు, యంత్రాల విడిభాగాలు అన్నీ ఇక్కడే తయారవుతాయి. ఏదో ఒక ఇంజినీరింగ్ షెడ్డులోకి తొంగిచూస్తే సీఎన్‌సీ మెషీన్ తలుపు తెరిచి, కూలెంట్ కారుతున్న ఉక్కు ముక్కను గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్ బిగిస్తున్న ఆపరేటర్ కనిపిస్తాడు. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా ఆ ముక్క తుక్కులోకే. పదో తరగతిలో నేర్చిన దశాంశాలూ త్రికోణమితీ అక్కడ కూడు పెడుతున్నాయి. ఆ సంగతి పక్క వీధి బడిలోని లెక్కల తరగతి దాకా చేరదు. రామంతాపూర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నా చాలా ఇళ్లలో దాని పేరు వినిపించేది ఇంటర్‌లో ఆశించిన మార్కులు రాకపోతేనే.

ఈ లోటును ఢిల్లీ ఇవాళే కనిపెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పుట్టాయి. బడుల్లో శిక్షణ పొందిన గైడెన్స్ అధికారులు, కెరీర్ మాస్టర్లు ఉండాలని 1952–53లో మొదలియార్ కమిషన్ చెప్పింది. ఎక్స్ఛేంజీలు ఉద్యోగాల చిట్టాతో సరిపెట్టకుండా యువతకు సలహా కూడా ఇవ్వాలని 1954లో శివరావు కమిటీ కోరింది. 1956 నవంబరు 1న, అంటే సరిగ్గా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, ఎక్స్ఛేంజీల రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది. ఆ తర్వాత వాటి ముందు క్యూలు పెరిగాయి. జనానికి కార్డు రెన్యువల్ గుర్తుండిపోయింది, సలహా ఊసే లేదు. 2015 జులైలో వచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఆ పాత వ్యవస్థకే ఆన్‌లైన్ వారసురాలు.

ముక్కలన్నీ ఉన్నాయి, కలిపి కుట్టేవాళ్లే లేరు. బడి విద్యాశాఖది, పోర్టల్ కార్మిక శాఖది. కేంద్రంలో 2015 దాకా కార్మిక శాఖ కిందే ఉన్న ఐటీఐల శిక్షణ వ్యవహారం ఇప్పుడు నైపుణ్యాభివృద్ధి శాఖది. పదిహేనేళ్ల పిల్లాడు మాత్రం ఏ శాఖ ఖాతాలోనూ లేడు. కెరీర్ గైడెన్స్‌కు జాతీయ విధానం అంటూ రాస్తే మొదటి పేజీలోనే తేల్చాల్సింది ఈ బాధ్యత సంగతి.

ఫిన్లాండ్ కెరీర్ గైడెన్స్‌ను పాఠంగా మార్చేసింది. అక్కడ ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా ప్రతి విద్యార్థికీ 76 గంటల మార్గదర్శనం టైంటేబుల్లోనే ఉంటుంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని చూడమంది. నాచారం బడికైతే వడ్రంగి కోసం వెతుక్కోవడం దేనికి? గోడ అవతలే సీఎన్‌సీ మెషీనుంది. యజమానిని ఒప్పించాలి, భద్రతా నియమాలు చూసుకోవాలి, బస్సు ఖర్చెవరిదో తేల్చాలి. విధానం పనికొచ్చేది ఇలాంటి చిల్లర చిక్కుల దగ్గరే.

సలహాదారు అని బోర్డు పెట్టుకునే అర్హత ఎవరికుందో కూడా ఆ విధానంలో రాయాలి. లేకపోతే వేలిముద్రలు స్కాన్ చేసి ‘మీ పాప డాక్టరవుతుంది’ అని రంగుల రిపోర్టు చేతిలో పెట్టే దుకాణాలకు గిరాకీ తగ్గదు. వేలిముద్రల జోస్యానికి శాస్త్రీయ ఆధారం లేదు. దీనికన్నా చిలకజోస్యం నయం, ఖర్చు తక్కువ.

విషాదమేమిటంటే, ఈ మధ్య కెరీర్ సలహా విషయంలో గట్టి మాట వినిపించింది ఒక మరణం తర్వాతే. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలంది. కోచింగ్ సెంటర్లు సహా అన్ని సంస్థలూ పిల్లలతోపాటు తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలంది. తల్లిదండ్రులను కలపడం తెలివైన పని. పీఆర్వో మాట్లాడేది వాళ్లతోనే కదా.

వీటి అమలు చూడటానికి జిల్లాకో కమిటీ వేయాలని, దానికి కలెక్టర్ అధ్యక్షత వహించాలని కూడా తీర్పులో ఉంది. ఉప్పల్, నాచారం వరకు ఆ కుర్చీ మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టర్‌ది. పరిశోధన సంస్థల డైరెక్టర్లను, పారిశ్రామికవాడ యజమానులను, పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్‌ను, బడుల హెడ్మాస్టర్లను ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టగల అధికారం జిల్లాలో ఆ కార్యాలయానికి ఉంది. అయితే ఆ మీటింగు దసరాకు ముందే జరగాలి. జనవరికల్లా పీఆర్వోలు ఫోన్లు అందుకుంటారు.