పీవీ, ఎన్టీఆర్: నంద్యాల రికార్డులో ఇద్దరికీ వాటా

పీవీ నరసింహారావు పుట్టింది 1921 జూన్ 28న, లక్నేపల్లిలో. నందమూరి తారకరామారావు పుట్టింది 1923 మే 28న, నిమ్మకూరులో. ఇద్దరూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రులుగా పనిచేశారు. ఇద్దరికీ విశ్వనాథ సత్యనారాయణతో అనుబంధం ఉంది. ఆయన నవల ‘వేయిపడగలు’ను పీవీ ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చారు. ఎన్టీఆర్ అయితే బెజవాడ కాలేజీలో విశ్వనాథ శిష్యుడే. గురువుగారు నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే, మీసం తీయనంటే తీయనని అలాగే రంగస్థలమెక్కి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు.

తొమ్మిది నెలల్లో గద్దె

1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం. మధ్యలో పాత షెవర్లే వ్యాన్‌తో తయారైన చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా నిలబడి మూడూ గెలిచారు. కోస్తా, సీమ, తెలంగాణల్లో ఒకేసారి నెగ్గడం మామూలు విషయం కాదు. 1989లో మాత్రం కల్వకుర్తి ఆయన్ను ఓడించింది. హిందూపురం కాపాడింది.

మూడు రాష్ట్రాల ఎంపీ

పీవీని లోక్‌సభకు పంపిన స్థానాలు నాలుగు: హనుమకొండ, మహారాష్ట్రలోని రాంటెక్, నంద్యాల, ఒడిశాలోని బరంపురం. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. దక్షిణాది నుంచి తొలి ప్రధాని ఆయనే. నెహ్రూ కుటుంబం బయటివారిలో అయిదేళ్లూ పూర్తిచేసిన తొలి ప్రధానీ ఆయనే. పరిశ్రమలకు అడుగడుగునా సర్కారు అనుమతులు అడిగే లైసెన్స్ రాజ్‌కు చాలావరకు తెరదించింది ఆ పాలనే.

హనుమకొండలో దెబ్బ, నంద్యాలలో దన్ను

1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఎన్టీఆర్‌దే గాలి. తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థాయి దక్కడం అదే మొదటిసారి. ఆ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే సీట్లు. వాటిలో ఒకటి హనుమకొండ. తెలుగుదేశం మద్దతుతో నిలిచిన చందుపట్ల జంగారెడ్డి చేతిలో అక్కడ ఓడింది కాంగ్రెస్ అభ్యర్థి పీవీయే. అదే ఎన్నికల్లో రాంటెక్‌లో గెలిచారు కాబట్టి ఢిల్లీలో నిలిచారు.

ఏడేళ్లు తిరిగాయి. ప్రధాని అయిన ఆర్నెల్లలోపు పీవీ ఎంపీ కావాలి. నంద్యాల ఖాళీ అయింది, ఉపఎన్నిక వచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద మనం పోటీ పెట్టకూడదని ఎన్టీఆర్ నిర్ణయించారు. రాజకీయ జీవితమంతా కాంగ్రెస్‌తో పోరాడిన పార్టీ అధినేత తీసుకున్న నిర్ణయమది. బీజేపీ బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది. పీవీ ఆధిక్యం 5 లక్షల 80 వేలు దాటింది, గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఆ అంకెను 2004లో పశ్చిమబెంగాల్‌లోని ఆరాంబాగ్ దాటింది. 2024లో ఇండోర్ ఆధిక్యం 11 లక్షలు మించిపోయింది. అయినా మన రాజకీయాల్లో నంద్యాల కంటే పెద్ద ఫలితం నాకు కనబడదు. ఆ రికార్డు రాసేటప్పుడు గెలిచిన పీవీ పేరు పక్కన, పోటీకి దిగని ఎన్టీఆర్ పేరు కూడా రాయడమే న్యాయం.