మీకు తెలుసా? విరగ్గొట్టి మరీ అతికించే రాడ్

చాలా కార్ల ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్‌ను ఒకే ముక్కగా తయారుచేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీలోనే కావాలని రెండుగా విరగ్గొడతారు!

పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపేది ఈ రాడ్డే. క్రాంక్‌షాఫ్ట్ వైపున్న దాని పెద్ద కన్ను (రంధ్రం) రెండు ముక్కలుగా ఉంటేనే క్రాంక్ చుట్టూ బిగుస్తుంది. ఒకప్పుడు రంపంతో కోసి, కోసిన అంచుల్ని నున్నగా అరగదీసేవారు. ఇప్పుడు కన్ను లోపల రెండు వైపులా లేజర్‌తో సన్నని గాటు పెట్టి, లోపలి నుంచి ఒక్కసారిగా బయటికి నెడతారు. టప్! సాగకుండా, వంగకుండా విరగాలి కాబట్టి సుమారు 0.7 శాతం కార్బన్ ఉన్న ఉక్కునో, ఇనుప పొడిని అచ్చులో నొక్కి, కాల్చి, ఫోర్జింగ్ చేసిన లోహాన్నో వాడతారు. ఫోర్డ్ 4.6 లీటర్ల వీ8 ఇంజన్‌లో ఈ పొడి లోహపు రాడ్లు వాడారు. అది 1991 మోడల్ లింకన్ టౌన్ కార్‌తో రోడ్డెక్కింది.

విరిగిన చోటు చూస్తే బెల్లం అచ్చు పగిలినట్టు గరగరగా ఉంటుంది. ఆ గరుకే దాని బలం. ఎగుడుదిగుళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చుని, బోల్టు బిగించాక ముక్కలు పక్కకు జరగవు. అందుకే ఒక రాడ్ క్యాప్ (విరిగి విడివడిన ముక్క) ఇంకో రాడ్‌కు పట్టదు. షెడ్డులో ఇంజన్ విప్పినప్పుడు క్యాప్‌లు కలిసిపోయాయా, జతలు వెతుక్కోవాల్సిందే. ఆ ముఖాన్ని ఆకురాయితో నున్నగా చేశారో, ఇక ఆ రాడ్ తుక్కు కిందే లెక్క.