హెచ్.ఐ.వి. చికిత్సలో ఎలక్ట్రానిక్ రోగి సమాచారం

హెచ్.ఐ.వి. చికిత్స పొందుతున్నవారి వివరాలను కంప్యూటరులో నమోదుచేసి, వాటి ఆధారంగా వైద్య సిబ్బంది తదుపరి చర్యలు తీసుకొనడాన్ని ఎలక్ట్రానిక్ రోగి సమాచార వినియోగం అనవచ్చు. ఈ చికిత్స జీవితాంతం కొనసాగవలసినది. మందులు మానివేస్తే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. అది మందులకు లొంగని రూపం పొందే ప్రమాదమూ ఉంది. కనుక ఎవరు వచ్చారన్నదే గాక, ఎవరు రాలేదన్నది సకాలంలో తెలియడం ఈ సమాచారం వలన కలిగే ముఖ్య ప్రయోజనం.

నేపథ్యం

భారతదేశంలో ఏ.ఆర్.టి. మందుల ఉచిత పంపిణీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలినాళ్ళలో చికిత్సా కేంద్రంలో ఉండే తెల్ల కార్డు, రోగి వద్ద ఉండే ఆకుపచ్చ పుస్తకం, రిజిస్టర్లు ఆధారంగా ఉండేవి. క్రమంగా ఈ వివరాలు కంప్యూటర్లలోకి చేరాయి.

ఉపయోగించే విధానం

రోగి వచ్చిన ప్రతిసారీ బరువు, క్షయ లక్షణాలు, మిగిలిన మాత్రల లెక్క, మళ్ళీ రావలసిన తేదీ నమోదు చేస్తారు. తేదీ దాటినవారి జాబితా చూసి కౌన్సెలరు ఫోను చేస్తారు. అవసరమైతే క్షేత్ర సిబ్బంది ఇంటికి వెళ్తారు. వైరల్ లోడ్ పరీక్ష చికిత్స మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, ఆపై ఏటా చేయవలసి ఉంటుంది. ఫలితం మి.లీ.కు 1000 కాపీలు దాటినవారికి మందుల వాడకంపై సలహాలిచ్చి, మళ్ళీ పరీక్షిస్తారు.

అనంతపురం ప్రాంతంలో

గుంతకల్లు రైల్వే కూడలి. చుట్టుపక్కలది కరువు సీమ. పనులు లేని కాలంలో బెంగుళూరు వంటి నగరాలకు వలస వెళ్ళడం ఇక్కడ మామూలే. అలా వెళ్ళినవారు మరో కేంద్రంలో మందులు తీసుకొంటున్నా, బదిలీ నమోదు కాకపోతే పాత కేంద్రంలో చికిత్స మానినవారుగా కనబడతారు. నిజంగా మందులు ఆపినవారూ అదే జాబితాలో ఉంటారు. ఈ తేడా తెలియాలంటే కేంద్రాల మధ్య సమాచారం అందుతూ ఉండాలి.

బత్తలపల్లిలోని గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) ఆసుపత్రిలో నమోదైన వివరాలు విన్సెంట్ ఫెర్రర్ హెచ్.ఐ.వి. కోహోర్ట్ అధ్యయనానికి ఆధారమయ్యాయి. జబ్బు ముదిరాక ఆలస్యంగా వైద్యానికి వచ్చేవారి గురించి ఇందులో పరిశీలించారు. దైనందిన చికిత్సకై వ్రాసుకొన్న వివరాలు పరిశోధనకూ ఉపకరిస్తాయనడానికి ఇది ఉదాహరణ.

గోప్యత

2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. రోగుల సమాచారానికి రక్షణ కల్పించడం దీని ప్రకారం తప్పనిసరి. ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. ఫోను ఇంట్లో వేరొకరు ఎత్తితే జబ్బు పేరు బయటపెట్టరాదు. గుట్టు నిలవదన్న భయం కలిగితే రోగి తప్పుడు చిరునామా ఇవ్వవచ్చు, లేదా రావడమే మానవచ్చు. అప్పుడు కంప్యూటరులో పేరు ఉన్నా మనిషి దొరకడు.