టర్బో ట్రాక్టరుకు ఇంజను: తయారైనది కొనుటయా, షెడ్డులో కట్టించుటయా?

మైపాడు, ఇందుకూరుపేట ప్రాంతముల రైతులకు దమ్ము రోజులలో ట్రాక్టరు ఒక్క పూట నిలిచినను నష్టమే. మడిలో నీరు నిలిచియున్నది, నారు ముదురుచున్నది, ఇంజను పట్టివేసినది. డీలరు కంపెనీలో బిగించి వచ్చిన ఇంజను దింపుకొమ్మనును. షెడ్డు మేస్త్రి బోరు చేయించి తానే కట్టెదననును. ఆ తొందరలో మాట ఇచ్చుటకు ముందు మీరు ఒక దినము ఆగి, పాత ఇంజను ఎందుకు పోయినదో తేల్చుకొనవలెను. కారణము తెలియక దింపిన క్రొత్త ఇంజను కూడ ఆ దారినే పోవును.

టర్బో అనునది పొగతో తిరుగు చిన్న చక్రము. అదే ఇరుసు రెండవ కొననున్న చక్రము గాలిని ఒత్తి సిలిండరులోనికి పంపును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి ఈ పద్ధతికి 1905లో పేటెంటు పొందెను. ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లు మించి కూడ తిరుగగలదు; దానిని నిలుపునది పలుచని ఆయిలు పొర మాత్రమే. గాలి పెరిగిన కొలది డీజిలు ఎక్కువ మండి, పిస్టనుపై ఒత్తిడియు వేడియు పెరుగును. అందుచేత పలు టర్బో ఇంజనులలో పిస్టను అడుగున ఆయిలు చిమ్ము గొట్టములుండును. మామూలు ఇంజను పిస్టను బయటి కొలతకు సరిపోయినను దీనికి పనికిరాదు. విడిభాగము నంబరు చూచియే కొనవలెను.

బ్లాకు పగిలినను, కనెక్టింగు రాడు తెగి బయటకు వచ్చినను, క్రాంకు పాడైనను తయారైన ఇంజను కొనుటయే మేలు. అయితే ధర అడుగునపుడు అందులో ఏమేమి వచ్చునో అడుగుడు. టర్బో, డీజిలు పంపు, ఇంజెక్టర్లు తరచు విడిగా కొనవలసియుండును. పాత ఇంజను తిరిగి ఇచ్చిన మీదటనే ఆ ధర యని కొందరందురు. హామీ షరతులు బిల్లు మీద వ్రాయించుకొనుడు.

బ్లాకు బాగుండి, లైనర్లు, రింగులు మాత్రమే అరిగినచో షెడ్డులో కట్టించుట చౌక. కాని మేస్త్రి చేతివాటము కంటె అతని వద్దనున్న కొలత పరికరములను ముందు చూడుడు. మైక్రోమీటరు, డయల్ గేజి, టార్కు రెంచి లేని చోట టర్బో ఇంజను విప్పించవలదు. వ్రేలితో తడిమి “సరిపోయినది” అనుట పాత పంపుసెట్టు ఇంజనుకు చెల్లినదేమో గాని దీనికి చెల్లదు. క్రాంకును సుమారు 0.25 మి.మీ. చొప్పున సానపట్టి, ఆ కొలత బేరింగులు వేయుదురు. కొన్ని క్రాంకులకు పైపొర మాత్రమే గట్టిపరచబడియుండును. సానలో ఆ పొర పోయినచో క్రాంకు నిలువదు. కంపెనీ పుస్తకములో అనుమతి యున్నదో లేదో చూపించుమనుడు. బలము పెంచుటకు డీజిలు ఎక్కించెదనన్నచో ఒప్పుకొనకుడు. నల్లపొగయు, కరగిన పిస్టనులును దాని ఫలితము.

2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు క్రొత్త పొగ నిబంధనలు వచ్చినవి. వాటిలో తరచు కంప్యూటరు పెట్టెయే డీజిలు సరఫరాను నడుపును. ఇంజెక్టరు మార్చినపుడు దాని అంకెను ఆ పెట్టెకు ఎక్కించవలసిన ఇంజనులు గలవు. ఆ పరికరము లేని షెడ్డుకు ఇట్టి బండిని తోలుకొని పోవద్దు.

ఇక మన సముద్రతీరపు సంగతి. ఎయిర్ ఫిల్టరుకును టర్బోకును నడుమనున్న రబ్బరు గొట్టము చీలినచో ఇసుక పొడి నేరుగా లోనికి పోయి టర్బో రెక్కలను, లైనర్లను తినివేయును. ఉప్పు తగిలిన బావినీరు రేడియేటరులో పోసినచో లైనర్లు వెలుపలి నుండి గుంటలు పడును. మంచినీటిలో కంపెనీ చెప్పిన పాళ్ల కూలెంటు కలిపి పోయవలెను. ఇంజను తెరచియుంచు షెడ్డు కూడ ఇసుకగాలి చొరని గదిగా ఉండవలెను. చెట్టు క్రింద కట్టిన ఇంజను మనకు వద్దు.

రెండింటిలో ఏది ఎంచుకొన్నను, పాత టర్బోను అట్లే బిగించవద్దు. దానిలోను, ఇంటర్ కూలరులోను ఇనుప రజను మిగిలియుండవచ్చును. ఆయిలు గొట్టము మార్చి, ఇంటర్ కూలరును కడిగించి, టర్బో ఇరుసు ఊగుచున్నదేమో పరీక్షింపజేయుడు. మొదటిసారి డీజిలు ఆపి, ఆయిలు ఒత్తిడి చూపువరకు స్టార్టరుతో కొద్ది కొద్దిగా త్రిప్పి, పిమ్మట స్టార్టు చేయవలెను. బరువు పని తరువాత రెండు మూడు నిమిషములు నెమ్మదిగా నడిపి ఆపుడు.

తయారైన ఇంజను దింపినచో దాని నంబరు వేరుగా ఉండును. రవాణా కార్యాలయములో ఆర్.సి.లోను, భీమా పత్రములోను ఆ నంబరు మార్పించి, పాత ఇంజను అప్పగించిన రసీదును వాటితోనే దాచియుంచుడు.